ఆగిన గుండెపోటును లెక్కపెట్టడం ఎలా? క్లినిక్‌లలో బీపీ, గుండె ముందుజాగ్రత్త వైద్యం నాణ్యతకు కొలతలు: కడోదరా నుంచి ఒక వివరణ

సూరత్ నుంచి బార్డోలి వెళ్లే రోడ్డు ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారిని దాటే చోటు కడోదరా. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని ఈ పారిశ్రామిక పట్టణంలో, చుట్టుపక్కల, డైయింగ్, ప్రింటింగ్ మిల్లులూ మరమగ్గాల షెడ్లూ ఉన్నాయి. పనిచేసేవారిలో ఎక్కువమంది బయటి రాష్ట్రాలవారే. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ నుంచి తరాలుగా వలస వస్తున్న పద్మశాలి నేత కుటుంబాలు కూడా సూరత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇలాంటి ఊళ్లో తలనొప్పి, కళ్లు తిరగడంతో ఒక కార్మికుడు క్లినిక్‌కు వెళ్తే బీపీ ఎక్కువగా ఉందని చెప్పి మాత్రలు రాస్తారు. పదిహేను రోజులు వేసుకున్నాక తలనొప్పి తగ్గుతుంది, మాత్రలూ ఆగిపోతాయి. ఐదేళ్లకో పదేళ్లకో పక్షవాతమో గుండెపోటో వస్తుంది. అప్పుడు ఆ మొదటి క్లినిక్‌ది మంచి వైద్యమా, కాదా?

ఈ ప్రశ్నకు మన దగ్గర సరైన జవాబు లేదు. డాక్టర్‌కు ఎన్ని డిగ్రీలున్నాయి, బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారు, సూది ఇచ్చాక ఎంత త్వరగా తగ్గింది అనే లెక్కలతోనే క్లినిక్‌ను అంచనా వేయడం మనకు అలవాటు. జ్వరానికి, దెబ్బకు ఆ లెక్క కొంత పనికొస్తుందేమో. గుండె జబ్బు రాకుండా చూసే వైద్యానికి మాత్రం పనికిరాదు. అక్కడ విజయం అంటే ఏమీ జరగకపోవడం. రాని గుండెపోటు ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాదు, దాన్ని ఆపిన డాక్టర్‌కు ఎవరూ దండ వేయరు.

మరి కనిపించని ఆ పనిని ఎలా కొలవాలి? ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎలా కొలిచారు? అందులో మనకు పనికొచ్చేదేమిటి? వలస కార్మికుల విషయానికి వచ్చేసరికి ఆ కొలతలు ఎందుకు తడబడతాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా, సమస్య ఎంత పెద్దది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 21.3 శాతం, పురుషుల్లో 24 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వారు బీపీ మందులు వాడుతున్నారు. తెలంగాణలో ఇది మహిళల్లో 26.1 శాతం, పురుషుల్లో 31.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 25.3, 29 శాతం. అంటే తెలుగు రాష్ట్రాలు రెండూ దేశ సగటు కన్నా పైనే ఉన్నాయి. గుజరాత్‌లో ఈ సంఖ్య స్త్రీ పురుషులిద్దరిలోనూ 20 శాతానికి కాస్త పైన ఉంది.

ఇది నగరాల్లో డబ్బున్నవాళ్ల జబ్బు అనే నమ్మకం ఎప్పుడో పాతబడింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు ప్రతి మరణానికీ కారణం ఆరా తీసిన అధ్యయనంలో దాదాపు మూడోవంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. వయసు విషయంలోనూ మనది ప్రత్యేక పరిస్థితి. 52 దేశాల్లో సాగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మొదటి గుండెపోటు దక్షిణాసియావారిలో సగటున 53 ఏళ్లకే వస్తోంది, మిగతా ప్రపంచంలో 59 ఏళ్ల ప్రాంతంలో. ఈ ఆరేళ్ల తేడా మిల్లు కార్మికుడి ఇంట్లో పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, ఊళ్లో ఇంటి అప్పు అన్నీ నడుస్తున్న ఆరేళ్లు.

నాణ్యతకు మూడు మెట్లు

వైద్య నాణ్యతను కొలవడం గురించి ఎవరు మాట్లాడినా 1966 దగ్గర మొదలుపెడతారు. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు అవేడిస్ డొనబేడియన్ ఆ ఏడాది రాసిన వ్యాసంలో నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలన్నారు. అవి నిర్మాణం, ప్రక్రియ, ఫలితం.

నిర్మాణం అంటే ఉన్న సదుపాయాలు. బీపీ మిషన్ పనిచేస్తోందా, సరైన సైజు పట్టీ ఉందా, మందులు నిల్వ ఉన్నాయా, సిబ్బందికి శిక్షణ ఉందా అన్నవి.

ప్రక్రియ అంటే చేయాల్సిన పని చేశారా అన్నది. 30 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ, వచ్చింది కాలి నొప్పికైనా సరే, బీపీ చూశారా? షుగర్ పరీక్ష చేశారా? పొగాకు గురించి అడిగారా? బీపీ అదుపులో లేనప్పుడు మందు మార్చారా, లేక పాత చీటీనే మళ్లీ రాశారా?

ఫలితం అంటే చివరికి రోగికి ఏమైంది అన్నది. బీపీ 140/90 లోపుకు వచ్చిందా? గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయా?

ఈ మూడింటిలో కొలవడానికి అన్నిటికన్నా తేలికైనది నిర్మాణం. అందుకే మన ప్రభుత్వ తనిఖీలు, రిజిస్ట్రేషన్లు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి. కానీ గోడకు తగిలించిన బీపీ మిషన్ ఎవరి బీపీనీ తగ్గించదు. మరోవైపు అంతిమ ఫలితమైన గుండెపోట్లను లెక్కపెట్టి ఒక చిన్న క్లినిక్‌ను అంచనా వేయడమూ కుదరదు. రెండు మూడు వందల మంది రోగుల్లో ఏడాదికి వచ్చే గుండెపోట్లు కొన్నే. అవి ఒకటి తగ్గినా రెండు పెరిగినా యాదృచ్ఛికమే కావచ్చు. అందుకే ఈ రంగంలో చాలా దేశాలు ‘మధ్యంతర ఫలితం’ మీద ఆధారపడతాయి. అదే బీపీ అదుపు. అది త్వరగా తెలుస్తుంది, చవకగా తెలుస్తుంది, గుండెపోటు, పక్షవాతాలతో దాని సంబంధం గట్టిగా రుజువైంది.

నూరుమందిలో పదిహేను

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అధిక రక్తపోటు మీద ఒక ప్రపంచ నివేదిక విడుదల చేసింది. భారత్‌లో 30–79 ఏళ్ల వయసువారిలో దాదాపు 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని అందులో అంచనా వేశారు. వారిలో తమకు బీపీ ఉందని తెలిసినవారు 37 శాతం. చికిత్స పొందుతున్నవారు 30 శాతం. బీపీ అదుపులో ఉన్నవారు 15 శాతం. ప్రపంచ సగటు వరుసగా 54, 42, 21 శాతం.

ఈ మూడు అంకెలు చెప్పే మూడు కథలు వేరు వేరు. నూరుమంది బీపీ రోగుల్లో 63 మందికి తమకు జబ్బుందనే తెలియదు. అది పరీక్షల లోపం. తెలిసిన 37 మందిలో ఏడుగురు చికిత్సలో లేరు. అది రోగిని వైద్యంతో కలపడంలో లోపం. చికిత్స పొందుతున్న 30 మందిలో సగం మందికి బీపీ తగ్గలేదు. ఇది వైద్యం నాణ్యతలో లోపం. మందు చాలకపోవచ్చు, డాక్టర్ మోతాదు పెంచకపోవచ్చు, రోగి మధ్యలో మానేసి ఉండవచ్చు, మందు కొనలేక రోజు విడిచి రోజు వేసుకుంటూ ఉండవచ్చు.

కాబట్టి ‘మా దగ్గర ఇంతమందికి బీపీ పరీక్షలు చేశాం’ అని ఏ సంస్థ ప్రకటించినా, అది మొదటి మెట్టు మాత్రమే. శిబిరాల ఫొటోలు అక్కడే ఆగిపోతాయి.

భారత్‌లో ఉన్న కొలబద్ద

మన దేశంలో ఈ కొలతను క్రమపద్ధతిలో మొదలుపెట్టిన కార్యక్రమం ‘ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్’. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత కార్యాలయం, ‘రిజాల్వ్ టు సేవ్ లైవ్స్’ అనే సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి 2017 నవంబర్‌లో దీన్ని ప్రారంభించాయి. తొలి విడతలో ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాలను తీసుకున్నారు. ఆ రాష్ట్రాలు పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ. తర్వాత మరిన్ని రాష్ట్రాలకు విస్తరించారు. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం దక్కింది.

ఇందులో ఐదు సూత్రాలున్నాయి. మందు పేరు, మోతాదుతో సహా అందరికీ ఒకే సరళమైన చికిత్స పద్ధతి ఉండాలి. ఆ మందులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. డాక్టర్ ఒక్కరే కాకుండా నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు పని పంచుకోవాలి. ఇంటికి దగ్గర్లో ఉచితంగా మందులివ్వాలి. ప్రతి రోగి వివరాలూ నమోదు చేసి చూసుకోవాలి. మనకు ఇక్కడ ముఖ్యమైనది ఈ ఐదోదే. కొన్ని చోట్ల కార్డులతో, కొన్ని చోట్ల ‘సింపుల్’ అనే మొబైల్ యాప్‌తో ఈ నమోదు సాగింది.

నమోదైన రోగులను ప్రతి మూడు నెలలకూ మూడు గంపల్లో వేస్తారు. గత మూడు నెలల్లో వచ్చి, చివరిసారి చూసినప్పుడు బీపీ 140/90 కన్నా తక్కువ ఉన్నవారు మొదటి గంప. వచ్చారు కానీ బీపీ తగ్గనివారు రెండో గంప. అసలు రానివారు మూడో గంప. పన్నెండు నెలలపాటు ఒక్కసారీ రానివారిని ‘వైద్యానికి దూరమైనవారు’గా వేరే చూపుతారు.

మామూలుగా కనిపించే ఈ మూడో గంపలోనే అసలు విషయం ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే.

ఒక క్లినిక్‌లో 200 మంది బీపీ రోగులు నమోదై ఉన్నారనుకుందాం. గత మూడు నెలల్లో 120 మంది వచ్చారు. వారిలో 78 మందికి బీపీ అదుపులో ఉంది. డాక్టర్‌ను అడిగితే ‘నా దగ్గరికి వచ్చేవారిలో 65 శాతం మందికి కంట్రోల్‌లో ఉంది’ అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. 120లో 78 అంటే 65 శాతమే. కానీ 200 మందిని లెక్కలోకి తీసుకుంటే అదుపు 39 శాతం. బీపీ తగ్గనివారు 21 శాతం. రానివారు 40 శాతం.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. ఆ క్లినిక్ చుట్టూ ఉన్న బస్తీలో 30 ఏళ్లు దాటినవారు 4,000 మంది ఉన్నారనీ, నలుగురిలో ఒకరికి బీపీ ఉందనీ అనుకుంటే రోగులు 1,000 మంది. అదుపులో ఉన్నట్టు మనకు తెలిసినవారు 78 మంది. అంటే ఎనిమిది శాతం కూడా కాదు.

క్లినిక్ అదే, డాక్టర్ ఆయనే, మూడు నెలలూ అవే. కానీ దేనితో భాగిస్తున్నామన్నదాన్ని బట్టి 65, 39, 8 అని మూడు జవాబులు వచ్చాయి. అందుకే ఏ ఆసుపత్రి, ఏ ప్రభుత్వం శాతాలు ప్రకటించినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎంతమందిలో?

వలస మనిషి ఏ లెక్కలోకి వస్తాడు?

ఇప్పుడు మళ్లీ కడోదరాకు వద్దాం. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద పనిచేస్తున్న 45 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. ఊళ్లో ఉండగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ బయటపడింది, పేరు నమోదైంది, ముప్పై రోజుల మందులిచ్చారు. పండుగ అయ్యాక సూరత్ బండెక్కాడు. మూడు నెలల తర్వాత ఊళ్లో రిజిస్టర్‌లో అతను ‘రానివాడు’. ఏడాది తర్వాత ‘దూరమైనవాడు’. ఇక్కడ కడోదరాలో ఏ జాబితాలోనూ అతని పేరు లేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకుని మందులు వాడుతున్నా, మానేసినా, రెండు రాష్ట్రాల లెక్కల్లో ఎక్కడా తేలడు.

ఇందులో ఇద్దరికీ నష్టమే. ఊళ్లో నర్సు ఎంత కష్టపడినా ఆమె కేంద్రం అంకెలు తక్కువగా కనిపిస్తాయి. ఇక్కడి ఆరోగ్య కేంద్రానికి అతను బాధ్యతే కాదు. మధ్యలో మనిషి జారిపోతాడు.

పనివేళలు ఇంకో అడ్డంకి. సూరత్ మరమగ్గాల్లో పన్నెండు గంటల షిఫ్టు మామూలు. పగటి షిఫ్టువాడు సర్కారీ దవాఖానకు వెళ్లాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. రాత్రి షిఫ్టువాడు నిద్ర వదులుకోవాలి. ఇక భాష ఉంది. కూలి బేరం ఆడేంత హిందీ వచ్చినా, ‘ఈ మాత్ర బాగున్నా మానకూడదు, జీవితాంతం వేసుకోవాలి’ అన్న సంగతి మనసుకు ఎక్కేలా ఎవరైనా సొంత భాషలో చెప్పాలి. నోటి మాటగా ఒక్కసారి చెప్పి వదిలేస్తే తలనొప్పి తగ్గగానే మాత్ర ఆగిపోతుంది.

దీనికి సాంకేతిక పరిష్కారంగా చెబుతున్నది ఆభా సంఖ్య. 2021 సెప్టెంబర్‌లో జాతీయ స్థాయిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి వ్యక్తికీ ఒక ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తున్నారు. ఊళ్లో రాసిన మందు కడోదరాలో కనిపించాలన్నది ఆలోచన. తెలంగాణ ప్రభుత్వం కూడా 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటి హెల్త్ ప్రొఫైల్ సేకరణను ప్రయోగాత్మకంగా చేపట్టింది. కానీ సంఖ్య ఉన్నంత మాత్రాన లెక్క కుదరదు. రెండు చివర్లా ఆ సంఖ్యను అడిగేవారు, నమోదు చేసేవారు ఉండాలి. అది లేనంతవరకు కాగితం కార్డే నమ్మకమైన దారి. బీపీ అంకె, తేదీ, మందు పేరు, మోతాదు రాసిన చిన్న కార్డు జేబులో ఉంటే ఏ ఊరి డాక్టరైనా అక్కడి నుంచి కొనసాగించగలరు.

కొలతే తప్పయితే?

శాతాలన్నీ ఆధారపడేది ఒక్క అంకె మీద. ఆ అంకెను ఎలా తీశారన్నదే చాలాచోట్ల బలహీనమైన కడ్డీ.

సరైన పద్ధతి ఇది: రోగి కనీసం ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు తాకాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు. అంతకు అరగంట ముందు బీడీ, టీ తాగి ఉండకూడదు. మూత్రం ఆపుకుని ఉండకూడదు. చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీదే పట్టీ కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. రెండుసార్లు చూడాలి.

మిల్లులో వేడి నుంచి నేరుగా వచ్చి, మెట్లెక్కి, నిలబడి ఉండగానే బీపీ చూస్తే వచ్చే అంకెను నమ్మి జీవితాంతం మందు మొదలుపెట్టడం సరికాదు. అలాగే ఆ అంకెను చూసి కంగారుపడనక్కర్లేదని తేల్చేయడమూ సరికాదు. మళ్లీ చూడాలి.

రిజిస్టర్ నిజాయతీని పట్టుకునే చిట్కా ఒకటుంది. రాసిన అంకెల్లో చివరి అంకె చూడండి. యాంత్రికంగా సరిగ్గా తీస్తే 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా రావాలి. పేజీ నిండా 120/80, 130/80, 140/90 అని ఉంటే కొలిచి రాసింది తక్కువ, ఊహించి రాసింది ఎక్కువ అని అర్థం. డిజిటల్ మిషన్ వాడకం ఈ సమస్యను చాలావరకు తగ్గిస్తుంది, ఆ మిషన్ ప్రమాణ పరీక్షలు నెగ్గినదైతే.

బీపీ ఒక్కటే చాలదు

గుండె ముందుజాగ్రత్త అంటే బీపీ ఒక్కటే కాదు. పొగాకు, షుగర్, కొలెస్టరాల్, వయసు కలిసి ప్రమాదాన్ని నిర్ణయిస్తాయి. 150 బీపీ ఉన్న 35 ఏళ్ల మనిషికీ, అదే బీపీతో షుగరూ గుట్కా అలవాటూ ఉన్న 55 ఏళ్ల మనిషికీ రాబోయే పదేళ్లలో ఉండే ప్రమాదం ఒకటి కాదు. దీన్ని అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతాలవారీగా చార్టులు తయారుచేసి 2019లో సవరించింది. రక్తపరీక్ష కుదరనిచోట ఎత్తు, బరువుల ఆధారంగానే లెక్కవేసే చార్టు కూడా ఉంది.

2013లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న లక్ష్యాల్లో ఒకటి దీనికి సంబంధించినదే. 40 ఏళ్లు దాటి, గుండెపోటు లేదా పక్షవాతం ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్నవారిలో కనీసం సగం మందికి 2025 నాటికి మందులు, సలహా అందాలి. మనం ఎక్కడి నుంచి బయలుదేరామో 2011లో వెలువడిన ‘ప్యూర్’ అధ్యయనం చూపించింది. భారత్ సహా తక్కువ ఆదాయ దేశాల్లో అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో పదిమందిలో ఎనిమిది మంది, మళ్లీ రాకుండా కాపాడే నాలుగు రకాల మందుల్లో ఒక్కటీ వాడడం లేదు.

కొలతలు కాలంతో మారాలన్నదానికి ఆస్పిరిన్ మంచి ఉదాహరణ. ఒకప్పుడు ప్రమాదం ఉన్న చాలామందికి ముందుగానే ఆస్పిరిన్ ఇచ్చేవారు. 2018లో వెలువడిన పెద్ద అధ్యయనాల తర్వాత, ఇంతకుముందు గుండె జబ్బు లేనివారిలో రక్తస్రావం ముప్పు ఆ లాభాన్ని మింగేస్తోందని తేలింది. గుండెపోటు వచ్చినవారికి మాత్రం అది ఇప్పటికీ ముఖ్యమే. ‘ఎంతమందికి ఆస్పిరిన్ ఇచ్చారు’ అని గుడ్డిగా లెక్కించే క్లినిక్ ఇప్పుడు మంచి చేస్తున్నట్టా, చెడు చేస్తున్నట్టా చెప్పలేం.

బయటి అనుభవాలు ఏం చెబుతున్నాయి?

బ్రిటన్ 2004 ఏప్రిల్‌లో పెద్ద ప్రయోగం చేసింది. ఊరి డాక్టర్ల క్లినిక్‌లకు 146 సూచికలు పెట్టి, మొత్తం 1,050 పాయింట్లు కేటాయించి, పాయింట్లను బట్టి డబ్బు చెల్లించింది. బీపీ, గుండె జబ్బు, షుగర్ వీటిలో ముఖ్యమైనవి. నమోదు బాగా మెరుగుపడింది. సంరక్షణ కూడా మొదట వేగంగా మెరుగై, తర్వాత చదునైపోయింది. లెక్కలో లేని విషయాలు వెనకబడుతున్నాయనీ, డాక్టర్లు మనిషిని కాకుండా కంప్యూటర్ తెరను చూస్తున్నారనీ విమర్శలొచ్చాయి. స్కాట్లండ్ 2016లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇంగ్లండ్‌లో 2014లో కొన్ని సూచికలకు డబ్బు ఆపగానే వాటి నమోదు వెంటనే పడిపోయిందని 2018లో వచ్చిన అధ్యయనం చూపించింది. రోగికి ఇచ్చే ఆరోగ్య సలహా వంటివాటిలో ఆ పతనం మరీ ఎక్కువ.

అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే సంస్థ వేరే దారి పట్టింది. బీపీ రోగులందరి జాబితా తయారుచేసింది. అందరికీ ఒకే సరళ చికిత్స పద్ధతి, రెండు మందులు కలిసిన ఒకే మాత్ర, డాక్టర్ అవసరం లేకుండా సహాయకులే బీపీ చూసే ఏర్పాటు, ప్రతి కేంద్రం ఫలితాలనూ మిగతా కేంద్రాల ముందు ఉంచడం. 2001లో దాదాపు 44 శాతంగా ఉన్న అదుపు 2009కి 80 శాతానికి చేరింది. భారత్‌లో పైన చెప్పిన ఐదు సూత్రాలకూ దీనికీ ఉన్న పోలిక మీరు గమనించే ఉంటారు.

మన పశ్చిమ గోదావరి పాఠం కొంచెం చేదుగా ఉంటుంది, అందుకే విలువైనది. అక్కడ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ‘స్మార్ట్‌హెల్త్’ అనే ప్రయోగం జరిగింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ట్యాబ్లెట్ పరికరంతో 62 వేల మందికి పైగా పెద్దల గుండె ప్రమాదాన్ని అంచనా వేసి, ప్రమాదం ఎక్కువున్నవారిని డాక్టర్ దగ్గరికి పంపారు. 2019లో ఫలితాలు ప్రచురించారు. కార్యకర్తలు పరీక్షల పనిని చక్కగా చేయగలరని రుజువైంది. కానీ బీపీ లక్ష్యాన్ని చేరినవారి శాతంలో ఆ ప్రయోగం వల్ల స్పష్టమైన తేడా కనిపించలేదు. గుర్తించడం ఒక ఎత్తు, నెలనెలా మందు అందేలా చూడడం, చాలకపోతే మార్చడం మరో ఎత్తు. పరీక్షల సంఖ్యను మాత్రమే కొలిచి ఉంటే ఈ ప్రయోగం ఘనవిజయమని రాసుకునేవారం. ఫలితాన్ని కొలిచారు కాబట్టి నిజం తెలిసింది.

అంకెల వెంట పడితే వచ్చే ముప్పు

కొలత లక్ష్యంగా మారిన క్షణం నుంచి అది మంచి కొలతగా ఉండదని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. ఇక్కడ అది మూడు రూపాల్లో కనిపించవచ్చు.

ఒకటి, 142ను 138గా రాయడం. రెండు, మందు సరిగా వేసుకోని రోగిని, తాగుడు అలవాటున్నవాణ్ని, వలస కూలీని జాబితాలో చేర్చుకోకుండా వదిలించుకోవడం. మూడు, అంకె కోసం వృద్ధులకు మోతాదు మించి మందులిచ్చి, లేవగానే కళ్లు తిరిగి పడిపోయేలా చేయడం.

పేదల బస్తీలో ఉన్న క్లినిక్‌ను, ఉద్యోగుల కాలనీలోని క్లినిక్‌ను ఒకే తక్కెడలో తూచడం కూడా అన్యాయం. మందు కొనలేనివారు ఎక్కువున్న చోట అంకె తక్కువగానే ఉంటుంది. అందుకే ఒక క్లినిక్‌ను పక్క క్లినిక్‌తో కాకుండా, ఆరు నెలల కిందటి తనతో తాను పోల్చుకోవడం మేలు. ఇరవై మంది రోగులే ఉన్న చోట ఒక్క మనిషి తేడా ఐదు శాతం తేడా అవుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

చిన్న క్లినిక్ ఏం చేయగలదు?

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక పొడుగాటి నోటుబుక్కు చాలు. రోగి పేరు, ఫోన్ నంబరు, ఊరి నంబరు, తేదీ, బీపీ, మందు, మళ్లీ రావాల్సిన తేదీ రాసుకోవాలి. మూడు నెలలకోసారి మూడు గంపల లెక్క వేయాలి. రానివారికి ఒక ఫోన్ చేయాలి. ఊరికి వెళ్లేవారికి మరిన్ని రోజుల మందు, చేతిలో కార్డు ఇవ్వాలి. బీపీ తగ్గని ప్రతి మనిషి పేరు ఎదురుగా ‘మందు మార్చానా?’ అని రాసుకోవాలి. కంపౌండర్‌కు ఇది వారానికి ఓ గంట పని.

సూరత్‌కు ఈ సంగతి కొత్త కాదు. 1994 ప్లేగు తర్వాత, 1995లో నగర కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో అధికారులు రోజూ వీధుల్లోకి వెళ్లి పారిశుద్ధ్యాన్ని తనిఖీ చేయడం అలవాటు చేశారు. దేశంలో మురికి నగరంగా పేరుపడిన ఊరు కొద్దికాలంలోనే శుభ్రతకు ఉదాహరణగా నిలిచింది. ప్లేగు కంటికి కనిపించింది, జనం రైళ్లెక్కి పారిపోయారు, పాలనాయంత్రం కదిలింది. బీపీ కనిపించదు, అందుకే ఎవరూ కదలరు.

మీరు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

రోగిగానైనా, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల తరఫునైనా ఈ ప్రశ్నలు అడగవచ్చు. దీనికి వైద్య పరిజ్ఞానం అక్కర్లేదు.

1. ఈ రోజు నా బీపీ ఎంత? ఎంత ఉండాలి? అంకె చీటీ మీద రాసిస్తారా?

2. కూర్చోబెట్టి, రెండోసారి చూశారా?

3. తగ్గకపోతే మందు మారుస్తారా, ఎన్ని వారాల్లో?

4. షుగర్, కొలెస్టరాల్, పొగాకు కలిపి చూస్తే నా గుండె ప్రమాదం ఎంత?

5. నేను రాకపోతే మీ దగ్గర ఎవరికైనా తెలుస్తుందా?

మొదటి నాలుగింటికి చాలా క్లినిక్‌లు జవాబు చెప్పగలవు. ఐదోదానికి ‘తెలుస్తుంది, ఫోన్ చేస్తాం’ అనే జవాబు దొరికితే ఆ క్లినిక్‌ను వదులుకోకండి. కడోదరాలోనైనా, సిరిసిల్లలోనైనా, ముందుజాగ్రత్త వైద్యానికి అసలు పరీక్ష గదిలో కూర్చున్న రోగి కాదు, ఈ నెల రాని రోగి.